నాలుగో బుట్ట ఎందుకు? తిరుపతిలో ఇంటి చెత్త వెనకున్న లెక్కలు

మా పక్కింటి అక్క మొన్న గేటు దగ్గర ఆపి అడిగింది. “ఏమబ్బా, మూడు బుట్టలకే వంటింట్లో జాగా లేదు. ఇప్పుడు నాలుగోది కూడా పెట్టాలంటనే? అన్నీ పొయ్యి పడేది ఒకే గుంతలో గదా!”

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల స్థానంలో కేంద్రం 2026లో కొత్తవి తెచ్చింది. ఏప్రిల్ 1 నుంచి అమలు. చెత్తను ఇంట్లోనే తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి అని నాలుగు రకాలుగా వేరు చేయాలని వాటిలో ఉంది. శానిటరీ అంటే ప్యాడ్లు, డయపర్లు లాంటివి. ప్రత్యేక జాగ్రత్త అంటే కాలం చెల్లిన మందులు, బల్బులు, బ్యాటరీలు, పెయింటు డబ్బాల వంటివి. ఇన్నాళ్లూ ఈ రెండూ కలిసి ఎర్ర బుట్టలో ఉండేవి. ఇప్పుడు విడిపోయాయి.

అక్క అన్న రెండో మాటకు మాత్రం చాలా దూరం వెళ్లాలి. “అన్నీ ఒకే గుంతలో” అన్న అనుమానం ఆమె ఒక్కదానిదే కాదు. తిరుపతిలోనే కాదు, ఏ ఊళ్లో అడిగినా పదిమందిలో ఏడెనిమిది మంది అదే అంటారు. ఇంటి చెత్తకు నగరపాలక సంస్థ వేసే ప్లాన్ మొత్తం ఆ అనుమానం నిజం కాకుండా చూసుకోవడానికే. బండ్లు కొనడం, యార్డుకు స్థలం వెతకడం దాని తర్వాత వచ్చే పనులు.

తూకం వేయనిదే ప్లాన్ లేదు

ఏ ఊరి ప్లానయినా ఒక్క ప్రశ్నతో మొదలవుతుంది. రోజుకు ఎంత చెత్త వస్తోంది?

కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2016లో ఇచ్చిన మాన్యువల్‌లో దీనికి అంచనా లెక్కలున్నాయి. 2 నుంచి 5 లక్షల జనాభా ఉన్న ఊళ్లో తలకు రోజుకు 300 నుంచి 350 గ్రాములు. పది లక్షలు దాటిన నగరాల్లో 400 నుంచి 600 గ్రాములు. ఊరు పెద్దదయ్యేకొద్దీ చేతిలో డబ్బు, దాంతోపాటు ప్యాకెట్లు పెరుగుతాయి.

ఈ లెక్క మా ఇంటికి సరిపోతుందా అని తిరగలి పక్కన పడున్న పాత స్ప్రింగ్ తక్కెడతో వారం రోజులు తూచాను. ఇంట్లో నలుగురం. తడి చెత్త 5 కిలోల 400 గ్రాములు, పొడిది 2 కిలోల 200, ఇల్లు ఊడ్చిన కసువూ మిగతావీ కలిపి కిలోన్నర. మొత్తం 9 కిలోల 100 గ్రాములు. నలుగురు, ఏడు రోజులు, అంటే తలకు 325 గ్రాములు. పుస్తకం లెక్క తప్పలేదు. కానీ అది మామిడి కాలం కాదు. జూన్‌లో తూచి ఉంటే తొక్కలూ టెంకలూ కలిసి తడి చెత్త ఎక్కడికో పోయేది. చిత్తూరు వైపు ఇళ్లలో ఆ రెండు నెలలు బుట్ట మోయలేరు. ఏడాది సగటు చూసి బండ్లు ఏర్పాటు చేస్తే జూన్‌లో ఇబ్బంది వచ్చేది ఇందుకే.

ఇప్పుడు నగరానికి వద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం తిరుపతి నగరపాలక సంస్థ పరిధిలో 2 లక్షల 87 వేల మంది. తలకు 350 గ్రాములు వేసుకుంటే రోజుకు వంద టన్నులు. పదిహేనేళ్ల కిందటి జనాభాతో వేసిన లెక్క కాబట్టి ఇది నేల మట్టం. అసలు ఇల్లు దీనిమీద కట్టాలి. పైగా ఈ ఊళ్లో ఇంకో లెక్క ఉంది. కొండకు రోజూ 60 నుంచి 80 వేల మంది వస్తారు. తిరుమల మీద చెత్త టీటీడీ చూసుకుంటుంది. కానీ వాళ్లలో ఎక్కువమంది కింద బస్టాండులోనో, రైల్వే స్టేషన్లోనో, సత్రంలోనో, లాడ్జిలోనో కొన్ని గంటలుండి పోతారు. యాభై వేల మంది తలకు 200 గ్రాములు వదిలిపెట్టి పోయారనుకుంటే అది పది టన్నులు. వాళ్లు ఏ వార్డు లెక్కలోనూ ఉండరు, ఇంటి పన్నూ కట్టరు. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ నాటికి ఈ అంకె ఎంతవుతుందో చెప్పక్కర్లేదు.

నగరాల శుభ్రతకు కేంద్రం ఇచ్చే ర్యాంకులే స్వచ్ఛ సర్వేక్షణ్. 2025 జూలైలో ప్రకటించిన ఆ ఫలితాల్లో తిరుపతి, అప్పటికే మంచి ర్యాంకులు తెచ్చుకున్న నగరాల ‘సూపర్ స్వచ్ఛ లీగ్’ జాబితాలో ఉంది. ఏ వర్గంలోనో తెలుసా? 50 వేల నుంచి 3 లక్షల జనాభా ఉన్న నగరాల వర్గంలో. కాగితం మీద ఊరి సైజు అంతే మరి.

బండి మీ గేటు ముందు ఎన్ని సెకన్లు ఆగుతుంది?

చెత్త బండి అనగానే అందరికీ బరువు గుర్తొస్తుంది. ప్లాన్ వేసేవాళ్లకు బరువుకంటే గడియారంతోనే ఎక్కువ కష్టం. ఒక ఉదాహరణ చూద్దాం.

ఒక వార్డులో 1,500 ఇళ్లు, ఇంటికి నలుగురు. అంటే 6,000 మంది. తలకు 350 గ్రాముల చొప్పున 2,100 కిలోలు. చిన్న ఆటో టిప్పర్‌లో విడతకు 700 కిలోలు పడతాయనుకుంటే మూడు విడతల్లో అయిపోవాలి. బరువు చూసి ఒక బండి చాలంటాం.

ఇప్పుడు టైము చూడండి. బండి ఇంటి ముందు ఆగి, ఇంటావిడ లోపలినుంచి బుట్టలు తెచ్చి, తడి ఒకవైపు పొడి ఒకవైపు వేసి, బండి కదలడానికి 30 సెకన్లు పడితే, 1,500 ఇళ్లకు 45,000 సెకన్లు. పన్నెండున్నర గంటలు! పొద్దున ఆరుకు మొదలుపెడితే సాయంత్రం ఆరున్నర. అప్పటికి సగం ఇళ్లకు తాళాలుంటాయి. కాబట్టి రెండు బండ్లు కావాలి. అపార్టుమెంట్లయితే ఒకచోట ఆపి వంద ఇళ్లవి తీసుకోవచ్చు, టైము కలిసొస్తుంది. గాంధీ రోడ్డు వెనక సందుల్లాంటి చోట్ల టిప్పర్ దూరదు. అక్కడ తోపుడు బండే దిక్కు.

వేరు చేయడమన్న మాట ఈ సెకన్ల దగ్గరే బోల్తా పడుతుంది. నాలుగు రకాలుగా తీసుకుంటే ఇంటికి 30 సెకన్లు కాస్తా 45 అవుతాయి. పద్దెనిమిదిన్నర గంటలు దాటుతుంది. రెండు బండ్లు మూడవ్వాలి. కాకపోతే డ్రైవరు హారన్ కొట్టి తొందరపెడతాడు. తొందరలో అన్నీ ఒకే అరలో పడతాయి. మా బంధువుల ఊళ్లో, ఊరి పేరు ఎందుకులెండి, నేను కళ్లారా చూశాను. మా పిన్ని మూడు బుట్టలూ పద్ధతిగా తెచ్చిస్తే ఆ అబ్బాయి మూడూ ఒకేచోట కుమ్మరించాడు. “ఏం నాయనా” అంటే “అక్కడ మళ్లీ వేరు చేస్తార్లేమ్మా” అన్నాడు. మర్నాటినుంచి పిన్ని ఒకటే బుట్ట పెట్టింది. బుట్టలు పంచిన ఖర్చంతా ఆ ఒక్క పొద్దున నీళ్లపాలయింది. అలాగని ఆ అబ్బాయిని తిట్టి లాభం లేదు. అతని బండిలో అడ్డుపలక లేదు, చేతిలో ఇంకా నాలుగొందల ఇళ్లున్నాయి.

కలిస్తే చెత్త, కలవకపోతే సరుకు

తిరుపతివాళ్లకు ఇది వేరే ఊరి ఉదాహరణతో చెప్పక్కర్లేదు. తలనీలాలు చూడండి. ఇంకెక్కడైనా మంగలి షాపు వెనక ఊడ్చి పారేసేవే. ఇక్కడ పొడవును బట్టి గ్రేడ్లు కట్టి ఈ-వేలం వేస్తారు, కోట్లు వస్తాయి. వెంట్రుకలో మహిమ ఉండి కాదు, వేరేదేదీ అందులో కలవదు కాబట్టి. స్వామివారి పూలూ అంతే. టీటీడీ ఆలయాల్లో వాడిన పూలతో 2021 సెప్టెంబరునుంచి ఏడు రకాల అగరబత్తీలు అమ్ముతోంది. అవే పూలు మిగిలిన సాంబారుతోనూ పాలకవర్లతోనూ కలిసి ఒక టిప్పర్‌లో వచ్చి ఉంటే వాటితో అగరబత్తి చేసే మొనగాడు లేడు.

ఇంటి చెత్తలో సగానికి పైగా తడిది. అన్నం, కూరగాయల తొక్కలు, పూజ పూలు. దీన్ని రెండు దారుల్లో వాడుకోవచ్చు. గాలి తగిలేలా తిరగేస్తూ నెలకు పైగా మగ్గనిస్తే కంపోస్టు అవుతుంది. గాలి తగలకుండా ట్యాంకులో మూసిపెడితే గ్యాసు వస్తుంది. ఊళ్లలో ఉన్న గోబర్ గ్యాస్ లాంటిదే, సైజు పెద్దది. దీన్నే బయోమిథనేషన్ అంటారు. నగరానికి తూర్పున, రేణిగుంట మండలం తూకివాకం దగ్గర తిరుపతి నగరపాలక సంస్థకు ఇలాంటి ప్లాంటు ఉంది. కట్టడాల శిథిలాలను పొడిచేసి వాడుకునే యూనిట్ కూడా అక్కడే.

ఈ రెండు దారుల్లోనూ కాచుకుని కూర్చున్న శత్రువులు గాజు పెంకు, ప్లాస్టిక్ కవరు. కవరు ట్యాంకులో పైకి తేలి అట్టకట్టి యంత్రాన్ని ఆపేస్తుంది. గాజు పెంకు కంపోస్టులో కలిసిందంటే, అరటి తోట రైతు ఒకసారి చెయ్యి కోసుకున్నాక రెండోసారి ఆ బస్తా ఊరికే ఇచ్చినా తీసుకోడు. వందకిలోల తడి చెత్తనుంచి వచ్చే కంపోస్టు పదిహేను, ఇరవై కిలోలే. అదీ అమ్ముడు పోకపోతే షెడ్డులోనే గుట్టపడుతుంది.

పొడి చెత్తది ఇంకో కథ. అట్టపెట్టెలు, పాలకవర్లు, సీసాలు, ఇనుము పాత సామాన్ల అంగడికి పోతాయి. ఇళ్లవాళ్లు బుట్టదాకా రానివ్వకుండా పాత పేపర్లవాడికి అమ్మేసేవి చాలా. వీధుల్లో గోనెసంచి వేసుకుని ఏరుకునేవాళ్లు ఇంకొంత తీస్తారు. ఏ ప్లాను కాగితం మీదా కనిపించని ఈ మనుషులే ఊరికి ఎన్నో లారీల చెత్త తగ్గిస్తున్నారు. వాళ్లను గుర్తించి, కార్డులిచ్చి, వ్యవస్థలో కలుపుకోవాలని 2016 నిబంధనల్లోనే ఉంది.

ఎవరూ కొననివి చిప్స్ ప్యాకెట్లు, చిరిగిన చెప్పులు, పాత గుడ్డలు. వీటిని ముక్కలు చేసి ఎండబెడితే ఆర్‌డీఎఫ్ అంటారు. మండే చెత్త ముక్కలన్నమాట. బొగ్గులో కొంత భాగానికి బదులు సిమెంటు ఫ్యాక్టరీల బట్టీల్లో వాడతారు. మనకు దగ్గర్లో కడప జిల్లా ఎర్రగుంట్ల వైపు ఆ ఫ్యాక్టరీలున్నాయి. కిలోకు 1,500 కిలో క్యాలరీలు, అంతకు మించి వేడినిచ్చే చెత్తను భూమిలో పూడ్చకూడదని 2016 నిబంధన. ఎండు కట్టె దీనికి రెట్టింపుకంటే ఎక్కువే ఇస్తుంది. చిప్స్ ప్యాకెట్టు పొడిగా ఉంటే హాయిగా మండుతుంది. దానికి రాత్రి మిగిలిన పప్పుచారు అంటుకుంటే? తడిసిన గుడ్డను పొయ్యిలో పెట్టినట్టే. బరువు పెరుగుతుంది, లారీ ఖర్చు పెరుగుతుంది, వేడి రాదు. ఫ్యాక్టరీవాళ్లు తేమ చూసి వెనక్కి పంపేస్తారు.

పెద్ద ప్లాంటా, వార్డుకో షెడ్డా?

ఇక్కడ తెలిసినవాళ్లే రెండుగా చీలిపోతారు.

ఒక పక్షం వాదన ఇది. ఊరికి ఒకే పెద్ద ప్లాంటు ఉంటే నిపుణులను పెట్టుకోవచ్చు, కాలుష్య నియంత్రణ మండలి తనిఖీ సులువు, గ్యాసు అమ్ముకునేంత పరిమాణం వస్తుంది. వీళ్లు చూపే ఊరు ఇందౌర్. అక్కడ రోజుకు 550 టన్నుల తడి చెత్తనుంచి గ్యాసు తీసే ప్లాంటు 2022 ఫిబ్రవరిలో మొదలైంది. ఆ గ్యాసుతో సిటీ బస్సులు నడుస్తాయి.

రెండో పక్షంవాళ్లు అలప్పుజ చూడమంటారు. కేరళలోని ఆ ఊరి చెత్త సర్వోదయపురం అనే పల్లెలో పోసేవాళ్లు. 2012లో పల్లెవాళ్లు లారీలు అడ్డుకున్నారు. పోయడానికి చోటు లేక ఊరు దారి మార్చుకుంది. ఇళ్లలో పైపు కంపోస్టులు, చిన్న గ్యాసు ట్యాంకులు, వీధుల్లో అందరూ వాడుకునే కంపోస్టు తొట్లు పెట్టుకుంది. తడి చెత్త అంటే సగం నీళ్లే గదా, ఆ నీళ్లను డీజిల్ పోసి ఊరి బయటికి ఎందుకు మోయాలన్నది వీళ్ల ప్రశ్న. ఆ ప్రశ్నలో బలం ఉంది.

ఎదురు ప్రశ్నలోనూ బలం ఉంది. వీధి చివర కంపోస్టు తొట్టి పెడతామంటే ఎవరింటి ముందు? బైరాగిపట్టెడలోనో కొర్లగుంటలోనో సెంటు జాగా కోసం ఎంత కొట్లాట ఉందో ఇక్కడివాళ్లకు తెలుసు. సరిగ్గా చూసుకుంటే కంపోస్టు వాసన రాదు. పొడి ఆకులో కొబ్బరి పీచో కలుపుతూ తిరగేస్తే చాలు. కానీ ఆ చూసుకునే మనిషి రెండు వారాలు సెలవు పెడితే వాసన వస్తుంది, ఈగలు వస్తాయి, కార్పొరేటర్ ఇంటికి జనం వస్తారు. నాకు తోచినంతలో, మేడ మీద కుండీలున్న ఇళ్లు, పెద్ద అపార్టుమెంట్లు, స్కూళ్లు తమది తాము చేసుకుని మిగతాది తూకివాకం లాంటి చోటికి పోవడమే ఈ ఊరికి నప్పుతుంది. ఒకటే దారి పట్టాలనేవాళ్లు రెండు వైపులా ఉన్నారు.

మూడో దారి, చెత్తను తగలబెట్టి కరెంటు తీయడం. విశాఖ, గుంటూరు దగ్గర అలాంటి ప్లాంట్లున్నాయి. చెత్త గుట్టలు త్వరగా తగ్గుతాయని కొందరంటారు. దానికి రోజూ మండే సరుకు పడాల్సిందే కాబట్టి రీసైక్లింగ్‌కు పోయేది కూడా పొయ్యిలో పడుతుందని, పొగనూ బూడిదనూ కాపలా కాయడం కష్టమని ఇంకొందరంటారు.

పూడ్చడానికి ఎన్ని ఎకరాలు?

డంపింగ్ యార్డు, ల్యాండ్‌ఫిల్ అన్న మాటలను పేపర్లలో ఒకటిగా వాడేస్తున్నారు. రెండూ వేరు. డంపింగ్ యార్డంటే లారీ వెళ్లి పోసి రావడమే. ల్యాండ్‌ఫిల్ అంటే కింద మందపాటి షీట్ పరిచి, ఊరే మురికి నీళ్లను పట్టి శుద్ధిచేస్తూ, ఏ పొరకాపొర మట్టి కప్పుతూ, దేనికీ పనికిరాని మిగులు చెత్తను మాత్రమే పూడ్చే చోటు.

లెక్క వేద్దాం. రోజుకు వంద టన్నులూ అలాగే పూడ్చితే ఏడాదికి 36,500 టన్నులు. గట్టిగా అణిచినా టన్నుకు ఘనపు మీటరుకంటే ఎక్కువే చోటు కావాలి. దాదాపు 43,000 ఘనపు మీటర్లు. పది మీటర్ల ఎత్తు, అంటే మూడంతస్తుల మేడంత పోసుకుంటూ పోతే ఏడాదికి ఎకరా పైచిలుకు. పాతికేళ్లకు ఇరవయ్యారు ఎకరాలు, చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా కాకుండా. వేరుచేసి, వాడుకుని, వందలో ఇరవై వంతులే పూడ్చితే అదే పాతికేళ్లకు ఐదెకరాలు చాలు.

ఆ ఎకరాలు ఎక్కడినుంచి తేవాలి? తిరుపతికి ఉత్తరాన శేషాచలం కొండలు, వేంకటేశ్వర జాతీయ వనం. దక్షిణాన స్వర్ణముఖి నది. నదికి 100 మీటర్లు, చెరువుకు, ఇళ్లకు, హైవేకు 200 మీటర్లు దూరం ఉండాలని 2016 నిబంధనలు చెప్పాయి. విమానాశ్రయానికి 20 కిలోమీటర్లు ఉండాలన్నాయి. 10 నుంచి 20 కిలోమీటర్ల మధ్యన అయితే విమానయాన సంస్థ ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. చెత్త ఉన్నచోట గద్దలు తిరుగుతాయి, విమానానికి గద్ద తగిలితే ప్రమాదం. రేణిగుంట విమానాశ్రయం ఊరికి పదిహేను కిలోమీటర్ల లోపే ఉంది. మ్యాపు మీద వృత్తలేఖినితో గీతలు గీస్తే మిగిలే జాగా ఎంతో మీరే చూసుకోండి. ఆ మిగిలిన జాగా పక్కన కూడా ఏదో ఒక పల్లె ఉంటుంది, ఆ పల్లెవాళ్లు మా దగ్గర వద్దంటారు. ఎందుకొద్దంటారో రామాపురం చుట్టుపక్కలవాళ్లను అడిగితే చెప్తారు. తిరుపతి చెత్త ఏళ్ల తరబడి గుట్టలుగా పడింది ఆ యార్డులోనే.

పాత గుట్టలను తవ్వి జల్లెడ పట్టడాన్ని బయోమైనింగ్ అంటారు. గుట్టను తిరగేసి ఆరబెట్టి, గుండ్రంగా తిరిగే పెద్ద జల్లెళ్లలో వేస్తారు. మెత్తటి మట్టి కింద పడుతుంది, రాళ్లు ఒకవైపు, కవర్లూ గుడ్డలూ ఇంకోవైపు. మట్టిని పల్లాలు నింపడానికి, కవర్లను బట్టీలకు పంపుతారు. ఇంట్లో పది సెకన్లలో అయ్యే పనిని పదేళ్ల తర్వాత యంత్రాలు పెట్టి, కాంట్రాక్టు పిలిచి చేయడమే ఇది. అప్పటికి గుట్ట లోపల గాలి తగలక పుట్టిన మీథేన్ పైకి పోనే పోయింది. వందేళ్ల లెక్కన చూస్తే కార్బన్ డై ఆక్సైడ్‌కన్నా పాతిక రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచే గ్యాసది. యార్డుల్లో ఎండాకాలం మంటలు ఊరికే అంటుకోవు.

చెత్త పన్ను తగాదా: డబ్బు ఎవరు పెట్టాలి?

2021 అక్టోబరు 2న అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ‘క్లీన్ ఆంధ్రప్రదేశ్’ పేరుతో కార్యక్రమం మొదలుపెట్టింది. ఇంటికి ఆకుపచ్చ, నీలం, ఎరుపు బుట్టలు, వీధులకు కొత్త టిప్పర్లు వచ్చాయి. దాంతోపాటే పట్టణాల్లో ఇళ్లకు నెలనెలా యూజర్ చార్జీ వచ్చింది. కొన్నిచోట్ల అది 120 రూపాయల దాకా ఉండేది. జనం నోట్లో అది ‘చెత్త పన్ను’ అయింది. 2024 అక్టోబరు 2న, అంటే సరిగ్గా మూడేళ్లకు, మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు దాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు.

ఇంతకీ ఇంటి ముందునుంచి చెత్త తీసుకెళ్లడానికి ఎంత అవుతుంది? పైన చెప్పిన 1,500 ఇళ్ల వార్డే తీసుకుందాం. రెండు బండ్లు, బండికి డ్రైవరుతో కలిపి ముగ్గురు, మొత్తం ఆరుగురు. మనిషికి నెలకు 21 వేలు వేసుకుంటే లక్షా 26 వేలు. బండికి డీజిల్, రిపేర్లు, అద్దె కలిపి నెలకు 40 వేలు అనుకుంటే ఇంకో 80 వేలు. రెండు లక్షల 6 వేలు. ఇంటికి 137 రూపాయలు. రోడ్లు ఊడవడం, కాలవలు తీయడం, ప్లాంటు నడపడం ఇందులో లేవు. బండి ఖర్చు నా ఊహ కాబట్టి అంకెను పట్టుకుని కొట్లాడొద్దు. నెలకు వందా, వందా యాభై మధ్యన ఉంటుందన్న అందాజా కోసం చెప్పాను.

చార్జీ ఉండాలనేవాళ్లు కరెంటుకు, నీళ్లకు కడుతున్నట్టే దీనికీ కట్టాలంటారు. కట్టినవాళ్లకే బండి రాకపోతే అడిగే హక్కు గట్టిగా ఉంటుందంటారు. 2016 నిబంధనలు కూడా యూజర్ ఫీజు నిర్ణయించమనే స్థానిక సంస్థలకు చెప్పాయి. వద్దనేవాళ్లు ఇంటి పన్నులోనే ఇది ఉంది గదా, రెండుసార్లు ఎందుకంటారు. ఒంటిగది ఇంట్లో ఉండే కూలీ కుటుంబం ఎంత చెత్త చేస్తుంది, మూడంతస్తుల ఇల్లెంత చేస్తుంది, ఇద్దరికీ దాదాపు ఒకే రేటా అంటారు. ఈ రెండోది నిజంగా ఆలోచించాల్సిన మాట. తూకాన్ని బట్టి వసూలు చేస్తే న్యాయంగా ఉంటుంది, కానీ అప్పుడు రాత్రిపూట కవరు కాలవలోకి విసిరేసేవాళ్లు ఎక్కువవుతారు.

చార్జీ పోయినంత మాత్రాన ఖర్చు పోలేదు. అది ఇంటి పన్నునుంచో, రాష్ట్రం ఇచ్చేదానినుంచో, కేంద్ర నిధులనుంచో రావాలి. 15వ ఆర్థిక సంఘం 2021–26 మధ్య తిరుపతి లాంటి నగరాలకు ఇచ్చిన గ్రాంట్లలో 30 శాతాన్ని పారిశుద్ధ్యం, చెత్త నిర్వహణకే వాడాలని కట్టుబాటు పెట్టింది. గ్రాంటుతో బండి కొనొచ్చు. ఐదేళ్ల తర్వాత ఆ బండికి టైర్లు ఎవరు మారుస్తారన్నదే ప్రతి కమిషనరు టేబుల్ మీదా ఉండే ఫైలు.

లాడ్జీలు, కల్యాణ మండపాలు, ఊరి పొలిమేర

వ్యాసం ఇళ్ల గురించే అయినా, ఇళ్ల ప్లాను చెడేది తరచూ ఇళ్ల వల్ల కాదు. కొత్త నిబంధనల్లో రోజుకు 100 కిలోల చెత్త చేసేవాళ్లను, 40 వేల లీటర్ల నీళ్లు వాడేవాళ్లను, 20 వేల చదరపు మీటర్ల కట్టడం ఉన్నవాళ్లను పెద్ద ఎత్తున చెత్త చేసేవాళ్లుగా లెక్కిస్తారు. తమ చెత్తకు చాలావరకు వాళ్లే బాధ్యులు. తిరుపతిలో ఈ గీత దాటే లాడ్జీలు, హోటళ్లు, మండపాలు తక్కువేం లేవు. వెయ్యిమంది పెళ్లి భోజనాలకు విస్తరి, మిగిలిన అన్నం, నీళ్ల సీసా కలిపి మనిషికి 300 గ్రాములనుకున్నా 300 కిలోలు. లైసెన్సు లేని చోట వందమందికి మించి చేరే కార్యక్రమం ఉంటే మూడు పనిదినాల ముందే స్థానిక సంస్థకు చెప్పాలని 2016లోనే రాశారు. ముహూర్తం పెట్టుకున్నాక శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కు శుభలేఖ ఇచ్చిన పెళ్లివారిని నేనైతే చూడలేదు.

రెండోది పొలిమేర. తిరుచానూరు, అవిలాల లాంటివి చాలాకాలంగా పంచాయతీలే. రోడ్డుకు ఇటువైపు నగరం టిప్పర్, అటువైపు పంచాయతీ ట్రాక్టరు. పంచాయతీలకు ‘చెత్తనుంచి సంపద తయారీ కేంద్రాలు’ అని షెడ్లు కట్టించారు, కానీ అపార్టుమెంట్లు నగరంలా పెరిగిపోయిన చోట పల్లె లెక్కలో ఉన్న మనుషులూ బండ్లూ చాలవు. అటువైపు తియ్యని చెత్త గాలికో కుక్కలకో ఇటువైపే వస్తుంది.

అక్కకు ఏం చెప్పానంటే

నాలుగో బుట్ట కొనక్కర్లేదని చెప్పాను. ప్యాడ్లు, డయపర్లు పాత పేపర్లో గట్టిగా చుట్టి, మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో ఒక గుర్తు పెట్టి ఇస్తే చాలు. అవి తడి చెత్తలో పడితే ప్లాంటులో కన్వేయర్ బెల్టు దగ్గర ఎవరో ఒకామె చేత్తో ఏరాలి. నాలుగు రకాలుగా విడదీసింది ముఖ్యంగా ఆ చేతి కోసమే. మందులు, బల్బులు రోజూ వచ్చేవి కావు కాబట్టి అటక మీద ఒక డబ్బాలో వేసి ఉంచి, నిండాక వార్డు శానిటేషన్ సెక్రటరీని అడిగి ఇవ్వొచ్చు.

“అయితే ఆ బండిలో నాలుగు అరలున్నాయా?” అంది అక్క.

పొద్దున బండి వచ్చినప్పుడు ఇద్దరం గేటు దగ్గరే నిలబడి చూశాం. నడుమ ఒక పలక ఉంది, తడీ పొడీ రెండు వైపులా. వెనక తలుపు కొక్కేనికి ఒక ఎర్ర బకెట్టు, దాని పక్కనే తాడుతో కట్టిన గోనెసంచి వేలాడుతున్నాయి. అక్క పేపరు పొట్లం చేతికిస్తే బండితో వచ్చిన అమ్మాయి గుర్తు చూసి, దేంట్లో వెయ్యాలో ఒక్క క్షణం ఆలోచించి, బకెట్టులో వేసింది. నేను వాచీ చూసుకున్నాను. నలభై రెండు సెకన్లు.